ఇంకో స్టిరాయిడ్ సూదికి ముందు: మీది ఏ ఉబ్బసం?

గుంటూరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉబ్బసం ముదిరినవాళ్లకి జరిగేది దాదాపు ఒకటే. రాత్రి పిల్లికూతలు మొదలవుతాయి. నీలం రంగు ఇన్‌హేలర్ ఎన్నిసార్లు కొట్టుకున్నా ఊపిరి అందదు. దగ్గర్లోని ఆర్ఎంపీ డాక్టరు దగ్గరికో, చిన్న నర్సింగ్ హోమ్‌కో పరిగెడతారు. డెరిఫిలిన్ సూది, డెకడ్రాన్ అనే స్టిరాయిడ్ సూది పడతాయి, నెబులైజర్ పెడతారు, ఐదారు రోజులకి స్టిరాయిడ్ మాత్రలు చేతిలో పెట్టి పంపుతారు. తెల్లారేసరికి మనిషి తేరుకుంటాడు. నెలో రెండు నెలలో తిరిగేసరికి మళ్లీ అదే రాత్రి, అదే సూది.

ఆ సూది మీద నాకు కోపం లేదు. ఊపిరి ఆడని వేళ స్టిరాయిడ్ ప్రాణం నిలబెడుతుంది, అప్పుడు వద్దనడం ప్రమాదం. నా వాదన దాని తర్వాత ఏం జరగాలన్నదాని గురించి. ఏడాదిలో రెండోసారి అదే సూది అవసరమైందంటే, ఈ మనిషికి ఉన్నది ఏ రకం ఉబ్బసమో ఎవరో ఒకరు ఆగి తేల్చాలి. ఈ ఇరవై ఏళ్లలో తీవ్రమైన ఆస్తమాకి వచ్చిన కొత్త మందులన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూ పుట్టినవే. మన దగ్గర ఆ ప్రశ్న అడగరు. అడగనందువల్ల అవసరమైనవాళ్లకి కొత్త మందు అందదు, అవసరం లేనివాళ్లు కొందరు దానికి డబ్బు తగలేస్తారు.

ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. మా బావ చుట్టుగుంట దగ్గర మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు మిరప బస్తాలతో, మా భాషలో టిక్కీలతో, నిండిపోతుంది, ఆ రోజుల్లో ఆయన చొక్కా నిండా మిరప దుమ్మే. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే లోపల అక్కకి దగ్గు మొదలయ్యేది. ఏళ్ల తరబడి సూదులు, మాత్రలు సాగాయి. ముందు మొహం ఉబ్బింది, తర్వాత షుగర్ వచ్చింది, తర్వాత రెండు కళ్లలో శుక్లాలు. అరుగు మెట్టు మీద తూలి చేయి ఆన్చితే మణికట్టు విరిగింది. "స్టిరాయిడ్ ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారమ్మా?" అని మొదటిసారి అడిగింది ఎముకల డాక్టరు. ఆయాసానికి చూసిన ఇంతమందిలో ఒక్కరికీ ఆ లెక్క పట్టలేదు.

లెక్క కష్టమైనదేమీ కాదు. ప్రెడ్నిసొలోన్ రోజుకి 40 మిల్లీగ్రాముల చొప్పున ఆరు రోజులు వాడితే 240 మిల్లీగ్రాములు. అలాంటి కోర్సులు నాలుగైతే దాదాపు 1 గ్రాము. మొత్తం జీవితంలో వాడిన స్టిరాయిడ్ మాత్రలు అర గ్రాము నుంచి 1 గ్రాము చేరేసరికే షుగర్, శుక్లాలు, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బుల ముప్పు పెరగడం మొదలవుతుందని పెద్ద పరిశీలనల్లో తేలింది. జీవితమంతటికీ చెప్పిన ఆ పరిమితిని మన దగ్గర చాలామంది ఒక్క ఏడాదిలో దాటేస్తున్నారు. పైగా సూదిగా వేసినదానికి చీటీ కూడా ఉండదు. ప్రెడ్నిసొలోన్ మాత్రలు కొన్ని రూపాయలకే దొరుకుతాయి కాబట్టి అది చవక వైద్యమని అందరి నమ్మకం. అక్క షుగర్ మందులు, కంటి ఆపరేషన్లు, మణికట్టులో వేసిన ప్లేటు ఎవరి పద్దులో రాయాలి?

2019 నాటి అంచనాల ప్రకారం మన దేశంలో ఆస్తమా ఉన్నవాళ్లు సుమారు 3.4 కోట్లు. ప్రపంచం మొత్తంలో ఆస్తమా ఉన్నవాళ్లలో మనవాళ్లు ఎనిమిదో వంతు ఉంటే, ఆస్తమాతో చనిపోయేవాళ్లలో మన వాటా 40 శాతం దాటుతుంది. ఈ తేడాకి కొత్త మందులు లేకపోవడం కారణమని నేననను. పాత మందులే సరిగ్గా అందకపోవడం పెద్ద కారణం. నీలం ఇన్‌హేలర్‌లో ఉండేది సాల్బ్యుటమాల్, అది బిగుసుకున్న ఊపిరి గొట్టాల్ని కాసేపు వదులు చేస్తుంది, అంతే. లోపలి వాపుని తగ్గించేది రోజూ పీల్చాల్సిన స్టిరాయిడ్ ఇన్‌హేలర్. నీలం ఇన్‌హేలర్ ఒక్కదానితోనే నెట్టుకురావడం మంచిది కాదని ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు ఇచ్చే గినా సంస్థ 2019లో తేల్చి చెప్పింది. ఏడాదికి అలాంటివి మూడో అంతకన్నా ఎక్కువో ఖాళీ అవుతున్నాయంటే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరిగినట్టే. మన వీధి మెడికల్ షాపులో ఎవరికి నెలకొకటి అమ్ముడవుతోందో ఆ షాపతనికి తెలుసు. ఆ సంగతి డాక్టరు దాకా చేరదు.

అందుకే కొత్త మందుల గురించి మాట్లాడే ముందు పాతవి సరిగ్గా వాడుతున్నారా అన్నది చూడాలి. ఇన్‌హేలర్ నొక్కడం, పీల్చడం ఒకేసారి జరగాలి, లేకపోతే మందు గొంతులోనే ఆగిపోతుంది. ఇన్‌హేలర్‌కి స్పేసర్ అనే గొట్టం తగిలించుకుంటే ఆ ఇబ్బంది చాలా తగ్గుతుంది. ఇన్‌హేలర్ అలవాటు పడితే వదలదన్న భయం మన ఇళ్లలో ఇంకా బలంగా ఉంది, పెళ్లి కావాల్సిన ఆడపిల్లల చేత దాన్ని దాచిపెట్టిస్తున్నది ఆ భయమే. ఇన్‌హేలర్‌లో ఒక పీల్పు స్టిరాయిడ్ మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మాత్రలో మిల్లీగ్రాముల్లో. చిన్నదానికి భయపడి పెద్దది మింగుతున్నాం. ఇవన్నీ సరిచేసి, పెద్ద డోసు ఇన్‌హేలర్ సరిగ్గా వాడుతున్నా అదుపులోకి రానిదాన్ని మాత్రమే తీవ్రమైన ఆస్తమా అనాలి. ఒక యూరప్ పరిశీలన ప్రకారం ఆస్తమా ఉన్న వందమందిలో అలాంటివాళ్లు నలుగురి కన్నా తక్కువ. నేను మాట్లాడుతున్నది ఆ కొద్దిమంది గురించి.

ఆ కొద్దిమందిలోనూ ఇంకో జల్లెడ పట్టాలి. ఇక్కడ మన కోస్తా సంగతి వేరు. బోదకాలు తెచ్చే ఫైలేరియా క్రిమి వల్ల ఊపిరితిత్తుల్లో ఒక జబ్బు వస్తుంది. రాత్రిపూట దగ్గు, ఆయాసం, పిల్లికూతలు, అచ్చం ఆస్తమాలాగే ఉంటుంది. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్ల కణాలు మైక్రోలీటరుకి 3000 దాటిపోతాయి. దానికి మందు మూడు వారాల డీఈసీ మాత్రలు, మన ఊళ్లలో బోదకాలు నివారణకి ఇంటింటికీ పంచిన ఆ మాత్రలే. దాన్ని ఆస్తమా అనుకుని ఏళ్లకేళ్లు స్టిరాయిడ్ ఇచ్చినా అసలు జబ్బు పోదు. కడుపులో స్ట్రాంజిలాయిడ్స్ అనే నులిపురుగు ఉంటే మరీ ప్రమాదం, స్టిరాయిడ్ వాడకంతో అది ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజుకి అలర్జీ వల్ల ముదిరే ఆస్తమా ఇంకొకటి, మన దేశంలో ఛాతీ డాక్టర్లు తరచుగా చూసేదే. దాని వైద్యం వేరు. వీటిలో చాలావాటికి మొదటి ఆధారం ఇసినోఫిల్స్ లెక్క. గుంటూరు కొత్తపేటలో ఏ ల్యాబ్‌లో అడిగినా చేస్తారు, అది ఖరీదైన పరీక్ష కాదు. కానీ ఒక మెలిక ఉంది. స్టిరాయిడ్ మింగుతున్న రోజుల్లో పరీక్ష చేస్తే ఆ కణాలు తగ్గిపోయి కనిపిస్తాయి, రిపోర్టు మామూలుగా వస్తుంది. మాత్రలు మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వాలి. లేదా పాత రిపోర్టులన్నీ వెతికి అందులో ఎక్కువగా వచ్చిన అంకె చూడాలి. అక్క విషయంలో ఏళ్ల కిందటి ఒక జ్వరం రిపోర్టే దారి చూపింది.

ఆ కణాల లెక్క ఎందుకంత ముఖ్యమో మెపోలిజుమాబ్ అనే మందు కథ చెబుతుంది. నేను ఈ విషయంలో దీనికన్నా గట్టి సాక్ష్యం చూడలేదు. ఇసినోఫిల్స్‌ని పెంచి పోషించే రసాయనం ఐఎల్-5. దాన్ని పట్టుకుని అడ్డుకునే మందు ఇది. 2000 ప్రాంతంలో, ఆ తర్వాత 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో ఈ మందు పెద్దగా ఫలితం చూపలేదు. కణాలు తగ్గాయి గానీ జబ్బు అలాగే ఉంది. చాలామంది పెదవి విరిచారు. ఆ ప్రయోగాల్లో ఆస్తమా ఉన్నవాళ్లందర్నీ ఒకే గంపలో వేసి చూశారు. 2009లో బ్రిటన్‌లోని లెస్టర్‌లో 61 మందితో, కెనడాలోని మెక్‌మాస్టర్‌లో 20 మందితో చిన్న ప్రయోగాలు జరిగాయి. ఈసారి వైద్యం చేస్తున్నా ఇసినోఫిల్స్ తగ్గనివాళ్లనీ, జబ్బు పదేపదే తిరగబెడుతున్నవాళ్లనీ మాత్రమే ఎంచుకున్నారు. అదే మందు, ఈసారి పనిచేసింది. 2014లో వచ్చిన పెద్ద ప్రయోగంలో జబ్బు తిరగబెట్టడం సుమారు సగానికి తగ్గింది. రోజూ స్టిరాయిడ్ మాత్ర మింగాల్సినవాళ్ల మీద చేసిన ఇంకో ప్రయోగంలో మాత్ర డోసు మధ్యస్థ లెక్క (మీడియన్) ప్రకారం సగానికి దిగింది. 2015 చివర్లో అమెరికా అనుమతి వచ్చింది. మందు మారలేదు, ఎవరికి ఇవ్వాలో తెలిసింది.

వీధిలో ఒక ఇంట్లో షార్ట్ సర్క్యూట్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ ఆపేయొచ్చు, ఆ ఇంటి ఫ్యూజు ఒక్కటే పీకొచ్చు. స్టిరాయిడ్ మొదటి పని చేస్తుంది, మెపోలిజుమాబ్ లాంటి ఈ కొత్త సూదులు, డాక్టర్లు బయోలాజిక్స్ అనేవి, రెండో పని. వీటిలో మొదటిది ఒమాలిజుమాబ్, అమెరికాలో 2003లో వచ్చింది. అలర్జీకి మూలమైన ఐజీఈ అనే యాంటీబాడీని పట్టుకుంటుంది, కాబట్టి ఏడాది పొడుగునా ఉండే అలర్జీల వల్ల ఆస్తమా ఉన్నవాళ్లకి. 2017లో వచ్చిన బెన్రాలిజుమాబ్ ఇసినోఫిల్స్‌నే నేరుగా తుడిచిపెడుతుంది, మొదటి మూడు సూదుల తర్వాత ఎనిమిది వారాలకి ఒకటి చాలు. డ్యుపిలుమాబ్‌కి ఆస్తమాలో 2018లో అనుమతి వచ్చింది, చర్మం మీద ఎగ్జిమా, ముక్కులో కండలు కూడా ఉన్నవాళ్లకి ఇది బాగా ఉపయోగపడుతుంది. 2021 చివర్లో వచ్చిన టెజెపెలుమాబ్ ఇంకా పైమెట్టున, గొట్టాల లోపలి పొర నుంచి వెలువడే మొదటి ప్రమాద సంకేతాన్నే అడ్డుకుంటుంది. ఇసినోఫిల్స్ తక్కువ ఉన్నవాళ్లలోనూ కొంత మేలు కనిపించడం దీని ప్రత్యేకత. వీటికీ ఇబ్బందులు లేకపోలేదు. ఒమాలిజుమాబ్‌తో అరుదుగా తీవ్రమైన రియాక్షన్ వస్తుంది, మొదటి డోసులు ఆసుపత్రిలోనే వేయించుకుని కాసేపు కూర్చోవాలి. డ్యుపిలుమాబ్‌తో కొందరికి కళ్లు ఎర్రబడతాయి. కడుపులో పురుగులుంటే ముందు వాటికి మందు వేయాలి.

అక్కకి మెపోలిజుమాబ్ మొదలుపెట్టారు, నాలుగు వారాలకి ఒక సూది. మొదటి నెలలో పెద్దగా తేడా లేదు. "ఏరా, ఇంత డబ్బు పోసింది దీనికేనా?" అంది. ఆ తర్వాత మెల్లగా రాత్రులు నిద్ర పట్టడం మొదలైంది. డాక్టరు స్టిరాయిడ్ మాత్రని నెలల మీద కొంచెం కొంచెం తగ్గించారు. ఇది చాలా ముఖ్యం. చాలాకాలం మాత్ర మింగినవాళ్లలో మన ఒంట్లో సహజంగా స్టిరాయిడ్ తయారుచేసే గ్రంథి పడుకుని ఉంటుంది, ఒక్కసారి మాత్ర మానేస్తే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు. కొత్త సూది పడింది కదా అని సొంతంగా ఎవరూ ఆపకూడదు. ఆ ఏడాది మిర్చి సీజన్‌లో ఆమె నర్సింగ్ హోమ్‌కి వెళ్లలేదు. మణికట్టు, కళ్లు, షుగర్ మాత్రం వెనక్కి రాలేదు. నాకు బాధంతా అక్కడే. ఆ పరీక్ష పదేళ్ల ముందే చేసి ఉండొచ్చు.

ఇక డబ్బు. నెలకయ్యే ఖర్చు అక్క వాళ్ల ఇంటి అద్దెకి రెండు మూడింతలు. ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వనంది, ఆసుపత్రిలో చేరలేదు కాబట్టి. అంటే ఊపిరాడక ఐసీయూలో పడుకుంటే డబ్బిస్తారు, పడకుండా కాపాడే సూదికి ఇవ్వరు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కూడా ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యాల చుట్టూ అల్లింది. నెలనెలా పడే సూదికి అందులో చోటు చూడాలి. "పేద రాష్ట్రం ఇంత ఖరీదైన మందులు ఎలా కొంటుంది, ఆ డబ్బుతో లక్షమందికి మామూలు ఇన్‌హేలర్లు ఇవ్వొచ్చు కదా" అని ఒక స్నేహితుడు నాతో గట్టిగా వాదించాడు. అతని మాటలో బలం ఉంది. అందరికీ స్టిరాయిడ్ ఇన్‌హేలర్, స్పేసర్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరకడం ముందు జరగాలి, నేనూ అదే అంటాను. కానీ అది జరిగాక కూడా ఆ కొద్దిమంది మిగులుతారు. వాళ్లని స్టిరాయిడ్‌కి వదిలేయడం ఖర్చు తప్పించుకోవడం కాదు, ఆ ఖర్చుని కంటి వార్డుకీ, ఎముకల వార్డుకీ, షుగర్ ఓపీకీ పంచడం. డయాలసిస్ కూడా ఆగకుండా సాగే ఖరీదైన వైద్యమే, దాన్ని మన రాష్ట్రం భరిస్తోంది కదా.

ఎవరికి ఇవ్వాలో గీత గీయడం అసాధ్యం కాదు. బ్రిటన్ 2017లో మెపోలిజుమాబ్‌ని ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వడానికి ఒప్పుకున్నప్పుడు షరతులు పెట్టింది. ఇసినోఫిల్స్ కనీసం 300 ఉండాలి, ఏడాదిలో స్టిరాయిడ్ కోర్సులు కనీసం నాలుగు పడి ఉండాలి లేదా రోజూ మాత్ర మింగుతూ ఉండాలి. ఏడాది తర్వాత ఫలితం చూసి, మేలు లేకపోతే ఆపేయాలి. కంపెనీ ధర తగ్గించిన తర్వాతే ఒప్పుకుంది. మన దగ్గర గుంటూరు జీజీహెచ్, విజయవాడ ప్రభుత్వాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ మూడూ గంట ప్రయాణంలో ఉన్నాయి. ఈ మూడుచోట్ల తీవ్ర ఆస్తమాకి వారానికొక క్లినిక్ పెట్టి, ఇలాంటి షరతులే రాసుకుని, మందుని రాష్ట్రం మొత్తానికి ఒకేసారి బేరమాడి కొనొచ్చు. బేరానికి ఇప్పుడు బలం కూడా పెరుగుతోంది. ఒమాలిజుమాబ్‌కి మొదటి బయోసిమిలర్, అంటే దాన్ని పోలిన వేరే కంపెనీ మందు, 2024లో యూరప్‌లో, 2025లో అమెరికాలో అనుమతి పొందింది. ఒక కంపెనీ చేతిలో ఉన్న మందుకి పోటీ వస్తే ధర దిగుతుంది.

గీత లేకపోతే ఏమవుతుందో రెండో వైపు నుంచి కూడా చూశాను. మా దూరపు బంధువొకాయనకి విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రిలో మొదటి రోజే ఈ సూది రాశారు. ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నాడో చూడలేదు. ఆయన రోజుకో పెట్టె సిగరెట్లు కాలుస్తాడు, అదీ గట్టిగా పట్టించుకోలేదు. అప్పుచేసి రెండు డోసులు వేయించుకుని మానేశాడు. ఇప్పుడు ఊళ్లో అందరికీ ఆ మందు పనికిరాదని చెబుతున్నాడు. ఖరీదైన సూదికి ముందు వాడిచూడాల్సిన చవకైనవీ ఉన్నాయి. టియోట్రోపియం ఇన్‌హేలర్ కలిపితే కొందరికి సరిపోతుంది. 2017లో ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగంలో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ 500 మిల్లీగ్రాములు వారానికి మూడుసార్లు ఇస్తే జబ్బు తిరగబెట్టడం సుమారు 40 శాతం తగ్గింది. ముందు ఈసీజీ తీయాలి, కఫంలో టీబీ జాతి క్రిములు లేవని తేల్చుకోవాలి, మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కుని మింగే మందు కాదది. ఏటా మృగశిర కార్తెకి చేప మందు కోసం హైదరాబాద్ రైలెక్కేవాళ్లు మా వీధిలో ఇంకా ఉన్నారు. వాళ్లని వెక్కిరించడం నాకు నచ్చదు. వాళ్ల జబ్బేమిటో ఎవరూ ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పలేదు.

ఏ సూదీ దుమ్ముని ఆపదన్నది కూడా చెప్పాలి. మిరపలోని క్యాప్సైసిన్ గొట్టాల్లోని నరాల్ని నేరుగా రేపుతుంది, దానికి ఇసినోఫిల్స్ అక్కర్లేదు. యార్డులోనూ కోల్డ్ స్టోరేజీల్లోనూ తాలుకాయలు ఏరుతూ, తొడిమలు తీస్తూ కూర్చునే ఆడవాళ్లకి ముక్కుకి కట్టుకున్న చీర కొంగే రక్షణ. 2019లో కేంద్రం మొదలుపెట్టిన స్వచ్ఛ గాలి కార్యక్రమంలో గుంటూరు, విజయవాడ రెండూ ఉన్నాయి. ఆ డబ్బుతో రోడ్లు ఊడ్చే యంత్రాలు కొనడం బాగానే ఉంది, యార్డులో మంచి మాస్కులు, గాలి లాగే ఫ్యాన్లు కూడా దాని కిందికే రావాలని నా అభిప్రాయం.

నాకు ఆశ పుట్టించిన కబుర్లు రెండు 2024లో వచ్చాయి. లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ల నాయకత్వంలో 158 మందితో ఒక ప్రయోగం జరిగింది. ఆస్తమా గానీ సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు గానీ తిరగబెట్టిన సమయంలో, ఇసినోఫిల్స్ ఎక్కువున్నవాళ్లకి ప్రెడ్నిసొలోన్ బదులుగానో, దానితో కలిపో ఒక్క బెన్రాలిజుమాబ్ సూది వేసి చూశారు. 90 రోజుల్లో వైద్యం విఫలమైంది స్టిరాయిడ్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 74 శాతానికి, బెన్రాలిజుమాబ్ పడినవాళ్లలో 45 శాతానికి. చిన్న ప్రయోగమే, ఇంకా పెద్దవి జరగాలి. కానీ ఆ రాత్రి సూదికే బదులు వెతుకుతున్నారన్నమాట, అదీ వేలి కొసన రక్తం చుక్క తీసి ఏ ఉబ్బసమో అక్కడికక్కడే చూసి. రెండోది డెపెమోకిమాబ్. ఇదీ ఐఎల్-5 మీదే పనిచేస్తుంది, కానీ ఆరు నెలలకి ఒక్క సూది. రెండు ప్రయోగాలు కలిపి చూస్తే జబ్బు తిరగబెట్టడం సగానికి పైగా తగ్గింది. పల్నాడు నుంచి కూలి మానుకుని ప్రతి నెలా గుంటూరు రావాల్సిన మనిషికి ఏడాదికి రెండుసార్లు రావడం ఎంత తేడానో వేరే చెప్పక్కర్లేదు.

ఈలోగా మీ ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఒక నోట్‌బుక్ పెట్టండి. స్టిరాయిడ్ సూది పడిన ప్రతి తేదీ, మాత్రలు ఎన్ని మిల్లీగ్రాములు ఎన్ని రోజులు, నెలకి ఎన్ని నీలం ఇన్‌హేలర్లు అయ్యాయి అన్నవి రాయండి. పాత రక్తపరీక్షలు ఎంత చినిగిపోయినా పారేయకండి. ఏడాదిలో రెండో సూది పడగానే ఆ పుస్తకం తీసుకుని ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లి ఇసినోఫిల్స్ ఎన్ని, ఐజీఈ ఎంత, ఇది ఫైలేరియా కాదని, బూజు అలర్జీ కాదని చూశారా అని అడగండి.